ఇరవై నాలుగు జేబులు, రెండు గుమ్మాలు

కుట్టు షాపు మేడమీద నుంచి,
సెప్టెంబరు 14

వదినగారికి,

ఈ ఒక్క మాట రాయడానికి అరగంట పట్టింది. "మాజీ వదినగారికి" అని రాస్తే పదవి పోయిన మంత్రికి రాసినట్టుంది. "శ్రీమతి గారికి" అంటే కరెంటు ఆఫీసు నోటీసులా ఉంది. చివరికి పాత అలవాటే గెలిచింది. మీ అమ్మాయీ మా వాడూ విడాకులు తీసుకున్నారు గానీ, మనిద్దరం ఏ కాగితం మీదా సంతకం పెట్టలేదు కదా? పెట్టి ఉంటే చెప్పండి, కళ్ళజోడు లేనప్పుడు పెట్టి ఉంటాను.

మనం మాట్లాడుకుని పది నెలలైంది. ఒకే ఊళ్ళో, రెండు బస్సులు మారితే చేరే దూరంలో ఉండి స్టాంపు అంటిస్తున్నానంటే కారణం ఉంది. ఫోన్ చేస్తే మీ అమ్మాయి ఎత్తుతుంది. మెసేజ్ పెడదామంటే మా వాడు నా భుజం మీదుగా చదువుతాడు. ఉత్తరం అయితే ఈ రోజుల్లో ఎవరూ తెరవరు, ఏదో బిల్లు వచ్చిందనుకుని పక్కన పడేస్తారు.

అసలు సంగతి. మన మనవరాలు మిరపగింజ బడిలో గోడకు తగిలించిన ఒక గుడ్డ చూసిందట. క్రిస్మస్‌కి ముందు ఇరవై నాలుగు రోజులు, రోజుకో జేబు, జేబుకో అంకె, లోపల ఏదో బుల్లి వస్తువు. పొద్దున్నే లేచి ఆ రోజు జేబు తెరవాలి. "నానమ్మా, నువ్వు అన్నీ కుడతావుగా, అది కుట్టు" అంది. నలభై ఏళ్ళు బడిపిల్లల యూనిఫాములు కుట్టినదాన్ని, ఆ మాత్రం చేయలేనా అని కత్తెర తీశాను. అప్పుడు నా చెయ్యి పట్టుకుంది. "రెండు కుట్టాలి నానమ్మా. ఒకటి ఈ ఇంటిది, ఒకటి ఆ ఇంటిది."

ఎందుకే అంటే, ఐదున్నరేళ్ళ పిల్ల నాకు లెక్క చెప్పింది. ఒక వారం ఇక్కడ, ఒక వారం అక్కడ. ఇక్కడ తగిలిస్తే అక్కడున్న రోజుల జేబులు మూసే ఉంటాయి. ఇక్కడిది అక్కడికి పట్టుకెళ్ళకూడదు, అక్కడిది ఇక్కడికి తేకూడదు. "ఈ ఇంటి దువ్వెన, ఆ ఇంటి దువ్వెన లేవూ? అలాగ" అంది, తెలివితక్కువదానికి చెబుతున్నట్టు.

ఆ నియమం ఎవరు పెట్టారో మీకూ తెలుసు, నాకూ తెలుసు. ఒక పసుపుపచ్చ స్వెట్టరు మీ ఇంట్లో ఉండిపోయిందని మా వాడు, ఎప్పుడో పంపేశామని మీ అమ్మాయి. దాని గురించి ఇద్దరు లాయర్లు మూడు వారాలు ఉత్తరాలు రాసుకున్నారు. ఆఖరికి ఏ ఇంటివి ఆ ఇంట్లోనే అని తీర్మానం. ఆ స్వెట్టరు పిల్లకి అప్పటికే పొట్టి.

నేను రెండు కుట్టను వదినగారూ. ఒక్కటే కుడతాను. అది పిల్లతో పాటే రెండిళ్ళూ తిరగాలి. రెండిళ్ళదీ అని చెప్పుకోవడానికి దానికి ఒక్క వస్తువైనా ఉండాలి. మీ గుమ్మం దాటించే పూచీ మీది, మా గుమ్మం సంగతి నేను చూసుకుంటాను. సాయం చేస్తారా? ఇష్టం లేకపోతే దీన్ని బిల్లే అనుకోండి.

మీ వదిన
(ఇంకా)


వెనక బాత్‌రూమ్ నుంచి, కొళాయి తిప్పి పెట్టి,
సెప్టెంబరు 21

వదినగారికి,

మా అమ్మాయి నిజంగానే బిల్లనుకుంది. "అమ్మా, నీకేదో వచ్చింది, ఆలస్యం చేయకుండా కట్టేయ్" అని నా చేతికే ఇచ్చింది. ఇదిగో, కడుతున్నాను. నీళ్ళ చప్పుడు మధ్య రాస్తున్నాను కాబట్టి అక్షరాలు తడిసి ఉంటే నేను ఏడ్చాననుకోకండి.

దువ్వెనల సంగతి మీకు చెప్పింది. బూట్ల సంగతి చెప్పి ఉండదు. ఆదివారం మీ వాడు గేటు దగ్గర దింపి కారు తిప్పుకుని పోయాక, అది లోపలికి రాకుండా మెట్టు మీద కూర్చుంటుంది. బూట్లు విప్పి, ఒకదానికొకటి టపటపా కొట్టి, మట్టంతా రాలేదాకా దులుపుతుంది. "చూశావా, ఎంత శుభ్రం నేర్చుకుందో" అని మా అమ్మాయి మురిసిపోతుంది. ఓ ఆదివారం నేను పక్కన కూర్చుని అడిగాను. "ఆ ఇంటి మట్టి అమ్మమ్మా. ఇక్కడికి రాకూడదుగా" అంది.

ఇది ఎవరికీ చెప్పలేదు. మీకే చెబుతున్నాను. ముప్పై నాలుగేళ్ళు ఆపరేషన్ థియేటర్లో నర్సుగా నిలబడ్డాను. మనిషి లోపల ఏముంటుందో చూసి కూడా మధ్యాహ్నం కడుపునిండా తిన్నదాన్ని. ఆ రోజు మాత్రం అన్నం దిగలేదు.

కాబట్టి సాయం చేస్తాను. కానీ ఇరవై నాలుగూ మీరే కుట్టేసి, చివర్లో "అమ్మమ్మ కూడా దారం పట్టుకుంది" అంటే ఒప్పుకోను. పెళ్ళిలోనూ అంతే చేశారు. పరిగెత్తిందంతా మేము, ప్రతి ఫొటోలోనూ మధ్యలో మీరు. పన్నెండు జేబులు నావి. గుడ్డ రెండు ముక్కలుగా చేద్దాం, చెరొకటి కుట్టి తర్వాత కలుపుదాం. ఇరవై నాలుగో అంకె నా ముక్కలో ఉండాలి. ఇది మీ అభిప్రాయం కోసం రాయడం లేదు, మీకు తెలియడం కోసం రాస్తున్నాను.

నాకు కుట్టడం రాదనుకోకండి. వచ్చు, మనుషుల మీద. డాక్టరుగారు విసిగిపోయినప్పుడు చివరి నాలుగు కుట్లు నేనే వేసేదాన్ని. ఇప్పటిదాకా ఎవరూ వచ్చి ఫిర్యాదు చేయలేదు. వచ్చే స్థితిలో లేనివాళ్ళ సంగతి నాకు తెలియదు.

తలుపు కొడుతున్నారు. కొళాయి కట్టేస్తున్నాను.

మీ వదిన
(నేనూ ఏ కాగితం మీదా సంతకం పెట్టలేదు)


షాపులో, ఇస్త్రీ బల్ల మీద నుంచి,
అక్టోబరు 3

వదినగారికి,

పార్శిల్ మీద "మోకాళ్ళ నొప్పుల బెల్టు" అని రాశాను. మన వయసు ఆడవాళ్ళకి అలాంటిది వస్తే ఎవరూ విప్పి చూడరు. లోపలున్నది ఫెల్ట్ గుడ్డ, ఎరుపూ ఆకుపచ్చా. ఇది మగ్గం మీద నేసింది కాదు. ఉన్నిని తడిపి, అదిమి అదిమి చేస్తారు. అందుకే ఎక్కడ కత్తిరించినా పోగులు ఊడవు, అంచు మడిచి కుట్టే బాధ లేదు. మనవాళ్ళ పెళ్ళి కూడా ఇలాంటి గుడ్డతో చేసి ఉండాల్సింది.

ఒకటి నుంచి పన్నెండు నావి, పదమూడు నుంచి ఇరవై నాలుగు మీవి. తిలాపాపం తలా పిడికెడు. ఇరవై నాలుగు మీదేనని పొంగిపోకండి, ఒకటో జేబు నాది. పిల్లలకి మొదట తెరిచిందే గుర్తుంటుంది. అంకెలు నేనే కత్తిరించి పంపుతున్నాను, ఎందుకంటే మీ చేతిరాత చూశాను. మందుల షాపువాడు కూడా మరోసారి అడుగుతాడు.

నాకు ఇంకో మాట చెప్పాలనిపిస్తోంది, ఎవరికి చెప్పుకోవాలో తెలియక మీ నెత్తినే రుద్దుతున్నాను. మా వాడు మంచివాడే. కానీ తిరిగి నా దగ్గరికి వచ్చి పది నెలలైంది కదా, తడి తువ్వాలు తీసుకెళ్ళి మంచం మీద పడేస్తాడు. రోజూ. అడిగితే "ఆరిపోతుందిలే" అంటాడు. మీ అమ్మాయి ఆరేళ్ళు ఎలా భరించిందో అని ఆ మంచం మీద కూర్చున్నప్పుడల్లా అనుకుంటాను. నేను తల్లిని కాబట్టి విడాకులిచ్చే దారి లేదు.

ఈ మాట మీ అమ్మాయికి చెప్పకండి. చెప్పారో, పెళ్ళినాడు మీరు నిద్రపోతున్న ఫొటో నా దగ్గర ఇంకా ఉంది.

జేబు కుట్టే పద్ధతి కాగితం మీద గీసి పెట్టాను. బాణం గుర్తులు చూసుకోండి. కుట్లు చిన్నవిగా, దగ్గరగా పడాలి. మీ అమ్మాయితో ఎప్పుడు మాట్లాడతారు?

మీ వదిన


బాత్‌రూమ్ నుంచే,
అక్టోబరు 19

వదినగారికి,

మీ పద్ధతి ప్రకారం ఆరు జేబులు పూర్తి చేశాను. కుట్లు ఎంత చిన్నగా, ఎంత దగ్గరగా పడ్డాయంటే, మా పెద్ద డాక్టరుగారు ఉండి ఉంటే వార్డంతా పిలిచి చూపించేవారు. ఒక్కొక్క కుట్టుకీ విడిగా ముడి వేశాను. ఒకటి తెగినా పక్కది పట్టుకుని ఉంటుంది.

మురిసిపోయి గోడకానించి చూసుకున్నాను. పదమూడో జేబులో పెట్టడానికి ఒక బుల్లి ఈల కొన్నాను, పెడదామని వేలు పెట్టాను. వేలు దూరలేదు. పద్నాలుగు చూశాను, దూరలేదు. పదిహేను, పదహారు...

వదినగారూ, ఆరు జేబులూ నాలుగు వైపులా మూసేశాను.

నన్ను అనకండి. ముప్పై నాలుగేళ్ళు తెరిచి ఉన్నదాన్ని మూయడమే నా పని. చిన్న కన్నం వదిలినా చీవాట్లు పడేవి. సూది చేతిలోకి రాగానే చెయ్యి దాని దారిన అది చుట్టూ తిరిగి వచ్చేసింది. నిన్నా ఇవాళా కూర్చుని పైవైపు కుట్లన్నీ విప్పాను. మనుషులకైతే ఏడు రోజుల తర్వాత విప్పేదాన్ని, వీటికి మూడో వారం పట్టింది. మచ్చలు లేవు.

ఇంట్లో ఎక్కడ దాస్తున్నానో తెలుసా? పాత ఎక్స్‌రేల కవర్లో. నా ఎక్స్‌రేలు చూస్తానని ఇంతవరకూ ఎవరూ అడగలేదు.

మా అమ్మాయితో మాట్లాడాను. సరేనంది. దాని గురించి మీరు బెంగ పెట్టుకోకండి. మీ వాడి సంగతి ఏమైంది?

తువ్వాలు మాట ఎవరికీ చెప్పలేదు. మా అమ్మాయి మాత్రం ఏమంత తక్కువది? కోపం వస్తే మాట్లాడదు, గిన్నెలు మాట్లాడతాయి. ఆరేళ్ళలో వాళ్ళింట్లో మూతలన్నీ సొట్టలు పడ్డాయి. మీరు చూసే ఉంటారు, పైకి అనలేదు. అది మీ మంచితనం. ఇది ఒక్కసారే అంటున్నాను, మళ్ళీ అనను.

మీ వదిన


కుట్టు షాపు మేడమీద నుంచి,
నవంబరు 4

వదినగారికి,

మీ ఉత్తరం షాపులో కౌంటరు దగ్గర చదివాను. నవ్వి నవ్వి కూర్చున్న స్టూలు మీంచి జారాను. కొలతలు ఇవ్వడానికి వచ్చిన బడి హెడ్‌మిస్ట్రెస్ మంచినీళ్ళు తెప్పించింది. ఆరు జేబులూ నాలుగు వైపులా! దొంగలు కూడా మీ జేబులు కొట్టలేరు.

నా పన్నెండూ అయిపోయాయి. ఒకటో జేబులో బొటనవేలంత ఎలుకను పెట్టాను, ఫెల్ట్ ముక్కలతోనే కుట్టాను. తోక కాస్త పొడుగైంది, బయటికి వేలాడుతుంది. కానివ్వండి, లోపల ఏముందోనని ఊరిస్తుంది.

మా వాడితోనూ మాట్లాడాను. ఒప్పుకున్నాడు. పిల్ల సంతోషం కంటే ఏముందమ్మా అన్నాడు.

ఇక రెండు ముక్కలూ కలపడమే మిగిలింది. మధ్య అంచు దగ్గర మీ ముక్కకి కాజా చేయండి. నా ముక్కకి కుట్టిన గుండీల్లాంటివే ఆరు జత చేశాను, సైజు చూసుకోండి. ఎక్కువ రాసే తీరిక లేదు, షాపులో చలికాలం కోట్లు కుప్పలు పడి ఉన్నాయి. అనుమానం ఏదైనా ఉంటే అడగండి, సొంత తెలివి మాత్రం వాడకండి.

మీ వదిన


బాత్‌రూమ్ నుంచి,
నవంబరు 15

వదినగారికి,

కాజా పని అయిపోయింది. మిమ్మల్ని అడిగి మీ చేత మాటలు పడటం ఎందుకని, వీధి చివర దర్జీ దగ్గర కూర్చుని కాజా కుట్టు ఎలా వేస్తారో నేర్చుకున్నాను. మూడు రోజులు పట్టింది. చూస్తే మీరు కుళ్ళుకుంటారు.

జేబులు పన్నెండూ తెరిచే ఉన్నాయి. రెండుసార్లు వేలు పెట్టి చూశాను.

మీ వదిన


షాపు వెనక గది నుంచి,
నవంబరు 20

వదినగారికి,

ఆరు కాజాలకి మూడు రోజులా అని మిమ్మల్ని ఏడిపించాలనుకున్నాను. ఆ సరదా తీరలేదు.

మా వాడు నిన్న తన బెల్టు వెతుక్కుంటూ కోట్ల కింద చెయ్యి పెట్టాడు. నా ముక్క బయటికి వచ్చింది. తిప్పి తిప్పి చూశాడు. "పిల్లకా? బాగుందమ్మా" అన్నాడు. అంతటితో నోరు మూసుకుని ఉండాల్సింది. "రెండో సగం వాళ్ళ అమ్మమ్మ కుడుతోంది" అనేశాను.

వాడి మొహం మారిపోయింది. "అది ఆ ఇంటికి వెళ్తుందా?" అన్నాడు. వెళ్తుంది, తిరిగి వస్తుంది అన్నాను. "ఆ ఇంటికి వెళ్ళింది ఏదైనా తిరిగి వచ్చిందా?" అన్నాడు. ఆ మాట స్వెట్టరు గురించి కాదని నాకు తెలుసు వదినగారూ.

సూది కోసం సోదికెళ్తే పాత రంకంతా బయటపడిందట. నా రంకు కూడా బయటపెడుతున్నాను. వాడు ఒప్పుకున్నాడని మీకు రాసింది అబద్ధం. అసలు అడగనే లేదు. రోజూ అడుగుదామనుకోవడం, వాడి మొహం చూసి రేపనుకోవడం. మీ అమ్మాయి ఒప్పుకుందని మీరు రాసేసరికి, నేనే వెనకబడ్డానని సిగ్గేసి అలా రాశాను.

ఇప్పుడు మీరే దిక్కు. మీ అమ్మాయి సరేనంది కదా, ఆవిడ చేత వాడికి ఒక్కమాట చెప్పించండి. "తిరిగి పంపిస్తాను" అంటే చాలు. ఇంకేమీ అక్కర్లేదు.

మీ వదిన


ఇంటి నుంచి,
నవంబరు 23

శ్రీమతి గారికి,

మీ ఉత్తరం అందింది.

మా అమ్మాయి ఒప్పుకుందని నేను రాసింది కూడా నిజం కాదు. మీరు అడిగాక దాచడం కుదరక నిన్న చెప్పాను. ఎక్స్‌రేల కవరూ, మీ ఉత్తరాలూ అన్నీ ముందు పెట్టాను. గిన్నెలు విసురుతుందనుకున్నాను. విసరలేదు. కూర్చుని ఏడ్చింది. "నా వెనక వాళ్ళతో కలిసి నవ్వుకుంటున్నావా అమ్మా?" అంది.

అది చిన్నప్పుడు కూడా ఇంతలా ఏడవలేదు. నేను దాని ఇంట్లో ఉన్నాను, దాని అన్నం తింటున్నాను. అన్నిటికంటే ముందు దాని తల్లిని. దానికి నేను తప్ప ఎవరూ లేరు.

నా ముక్క బీరువాలో పెట్టేశాను. మీ ముక్క మీ దగ్గరే తగిలించండి. పిల్లకి ఏదో ఒకటి చెప్పుకుందాం. ఇకమీదట ఉత్తరాలు రాయకండి.

ఇట్లు,
అమ్మమ్మ


కుట్టు షాపు మేడమీద నుంచి,
నవంబరు 25

వదినగారికి,

శ్రీమతి గారట! ఆ మాటకి నాకు నిజంగా కోపం వచ్చింది. రాయొద్దన్నారు కాబట్టి రాస్తున్నాను.

మీకు కూతురు ఏడిస్తే కాళ్ళూచేతులూ ఆడవు. నాకు మాత్రం కొడుకు లేడా? రాత్రి అన్నం ముందు కూర్చుని మెతుకులు లెక్కపెడుతుంటే నాకు మాత్రం కడుపు తరుక్కుపోదా? వాళ్ళిద్దరూ దెబ్బతిన్నారు, ఒప్పుకుంటాను. కానీ వాళ్ళు పెద్దవాళ్ళు. ఆబోతులు కుమ్ములాడుకుంటే లేగల కాళ్ళు విరిగాయన్నట్టు, విరుగుతున్నవి ఎవరి కాళ్ళో చూడాలి కదా. దానికి ఐదున్నరేళ్ళు. మట్టిని కూడా ఏ ఇంటిదో చూసి దులుపుతోంది. ఇంకో ఏడాది పోతే మనల్ని కూడా అలాగే దులిపేస్తుంది. నాకు భయంగా ఉంది వదినగారూ. మీకు లేదా?

మీరు బూట్ల గురించి రాసిన ఉత్తరం మా వాడికి చదివి వినిపించాను. రహస్యమన్నారు, క్షమించండి. మధ్యలో ఆపమన్నాడు. నేను ఆపలేదు. లేచి బాల్కనీలోకి వెళ్ళి చాలాసేపు నిలబడ్డాడు. తర్వాత లోపలికి వచ్చి, మంచం మీద తువ్వాలు తీసి తీగ మీద ఆరేశాడు. ముప్పై ఎనిమిదేళ్ళలో ఇదే మొదటిసారి. "ఆదివారం నేనే తీసుకెళ్ళి ఇస్తాను" అన్నాడు.

మీ అమ్మాయి చూసి మురిసిపోతున్నది శుభ్రం కాదని తనకి చెప్పండి. మీరు చెప్పకపోతే ఎవరూ చెప్పరు. అది మళ్ళీ ఏడుస్తుంది. ఏడవనివ్వండి. మీరు పక్కనే ఉంటారుగా.

ఆదివారం ఒకటో తేదీ. నేను రావడం లేదు. వస్తే ఏదో ఒకటి అంటాను, నా నోరు మీకు తెలుసు. నా ముక్క వాడి చేతికిచ్చి పంపుతున్నాను. తలుపు తీస్తారో మూస్తారో మీ ఇష్టం. మూయడంలో మీకు అనుభవం ఎక్కువ.

మీ వదిన
(చచ్చేదాకా)


హాల్లో, అందరి ముందూ కూర్చుని,
డిసెంబరు 1

వదినగారికి,

కొళాయి తిప్పకుండా రాస్తున్న మొదటి ఉత్తరం ఇది. ఎవరికి రాస్తున్నావని మా అమ్మాయి అడిగింది, చెప్పాను. "ఊఁ" అంది. ఆ "ఊఁ" దాకా ఎలా వచ్చామో వరసగా చెబుతాను, మధ్యలో ఆవేశపడకండి.

బూట్ల సంగతి శనివారం చెప్పాను. ఏడవలేదు. "నేను శుభ్రం అనుకున్నానమ్మా" అంది. మళ్ళీ అదే అంది. జేబుల గుడ్డ తీసుకుంటావా లేదా అంటే మాత్రం "తెచ్చినప్పుడు చూద్దాం" అని గదిలోకి వెళ్ళిపోయింది.

ఈ పొద్దున మీ వాడి కారు గేటు దగ్గర ఆగింది. ఈసారి దింపి పోలేదు, దిగాడు. చంకలో మీ ముక్క చుట్టగా చుట్టి ఉంది. మా అమ్మాయి గుమ్మంలో నిలబడింది, చేతులు కట్టుకుని. మిరపగింజ ఎప్పటిలాగే మెట్టు మీద కూర్చుని ఒక బూటు విప్పి దులపడం మొదలుపెట్టింది. అది ఇద్దరూ చూశారు. వినడం వేరు, చూడటం వేరు. మీ వాడు గేటు ఊచ పట్టుకుని అలాగే ఉండిపోయాడు.

ఇదే అదను అని నేను లోపలికి పరిగెత్తి నా ముక్క తెచ్చాను. రెండూ వసారాలో నేల మీద పక్కపక్కన పరిచాం. మీ ఎలుక తోక నిజంగానే అసహ్యంగా పొడుగ్గా ఉంది. అంకెలు వరసగా కుదిరాయి, రంగులు కుదిరాయి. మీ వాడు వంగి మధ్య అంచు చూసి, దర్జీ కొడుకు కదా, "కాజాలేవీ?" అన్నాడు.

మీ వైపు ఆరు గుండీలు. నా వైపు ఆరు గుండీలు. ఒకదాని మొహం ఒకటి చూసుకుంటూ.

వదినగారూ, మీరు కాజా చేయమంటే నేను కాజా కుట్టు అనుకున్నాను. అంచు చుట్టూ వేసే కుట్టు. అందుకే మూడు రోజులు పట్టింది, ముక్క నాలుగు అంచులకీ వేశాను. ఆరు గుండీలు పంపారు, కుట్టేశాను. మా ఆస్పత్రిలో ట్రేలో పెట్టింది వాడకుండా వదలడం అలవాటు లేదు. గుండీ దూరడానికి కన్నం కావాలని నాకు తట్టనే లేదు. కన్నం వదలడమంటేనే నాకు పడదని మీకు ముందే తెలుసు, తప్పు మీది.

మా అమ్మాయి నవ్వింది. నన్ను చూసే నవ్వింది, ఇంకెవర్నీ చూసి కాదు. కానీ అది నవ్వి ఏడాదైంది.

ఆ నవ్వు రెండు నిమిషాలు కూడా నిలవలేదు. "అమ్మ చేత కాజాలు చేయించి వచ్చే ఆదివారం తెస్తాను" అని మీ వాడు చుట్టబోయాడు. "మొదటి జేబు ఇవాళే కదా, రెండూ ఇక్కడే వదిలెయ్" అంది మా అమ్మాయి. "వదిలేస్తే మళ్ళీ వస్తుందా?" "అంటే? నేనేమన్నా దాచుకుంటానా?" "స్వెట్టరు..." "నీ స్వెట్టరు..." ఇక చూసుకోండి. వీధిలో కుక్క కూడా లేచి నిలబడింది. అంతా అయిపోయింది, ఇన్ని నెలల పనీ వసారాలోనే చచ్చిపోయింది అనుకున్నాను.

అప్పటికి మిరపగింజ ఒక కాలికి బూటుతోనే లేచి వచ్చి నేల మీద చతికిలపడింది. రెండు జడల రబ్బర్లూ లాగేసింది. మణికట్టుకి ఇంకో నాలుగు ఉన్నాయి, అవీ తీసింది. ఒక రబ్బరు మీ గుండీకి తగిలించి, సాగదీసి, నా గుండీకి తగిలించింది. తర్వాత రెండోది. జుట్టంతా మొహం మీద పడుతుంటే ఊదుకుంటూ, నాలుక బయటపెట్టి, ఆరూ తగిలించింది. లేచి పైఅంచు రెండు చేతులతో ఎత్తి పట్టుకుంది. ఊడలేదు. ఇరవై నాలుగు జేబులూ ఒక్క గుడ్డగా వేలాడాయి.

వాళ్ళిద్దరూ మాటల మధ్యలో ఆగిపోయారు. అలవాటు కొద్దీ మా అమ్మాయి నోట్లోంచి వచ్చేసింది. "ఆ రబ్బర్లు ఏ ఇంటివే?"

మిరపగింజ గుడ్డ పైనుంచి తొంగి చూసింది.

"ఏ ఇంటివీ కావు. నా తలవి."

మీ వాడు గేటు వైపు తిరిగి చొక్కా చేతితో మొహం తుడుచుకున్నాడు. మా అమ్మాయి గుమ్మం మీంచి పక్కకి జరిగింది. పిల్ల గుడ్డ ఎత్తి పట్టుకుని, ఇద్దరి మధ్యలో నుంచి లోపలికి వెళ్ళిపోయింది.

ఎనిమిదో తేదీ ఆ గుడ్డ పిల్లతో పాటే మీ ఇంటికి వస్తుంది. మడతపెట్టి తనే ఇస్తానని మా అమ్మాయి మీ వాడితో నోటితో చెప్పింది, లాయరుతో కాదు. మీరు తెలివి చూపించి నా గుండీలు పీకి కాజాలు చేయకండి.

పిల్ల జుట్టు విరబోసుకుని వస్తుంది. జడ వేస్తానని కూర్చోబెట్టకండి. రబ్బర్లు ఖాళీ లేవు.

మీ వదిన